ఆ పదహారు కిలోలు

జనవరి 9

మావయ్యా,

నీ మేనల్లుడు బతికే ఉన్నాడు, తింటున్నాడు, మోస్తున్నాడు. ఈ మూడు ముక్కలూ ముందే రాసేస్తే, అమ్మకి చదివి వినిపించేటప్పుడు నువ్వు గొంతు సవరించుకునే పని ఉండదు.

శిక్షణ అయిపోయింది. నాలుగు రోజులు లారీలో, రెండు రోజులు కాలినడకన ఇక్కడికి చేరాం. ఎక్కడికో రాస్తే ఎలాగూ దాని మీద నల్లసిరా పూసేస్తారు. కొండ, బురద, ముళ్ళతీగ అనుకో, సరిపోతుంది. గూడ్స్ షెడ్డులో నాలుగేళ్ళు నీ వెనక బస్తాలు మోసి, ఇక మోత నా వల్ల కాదని కదా తుపాకీ పట్టడానికి వచ్చాను. తీరా చూస్తే ఇక్కడ మోసేవాటిలో తుపాకీయే నయం. బరువులు రాయకపోతే నీకు అన్నం సహించదని తెలుసు, రాసుకో. తుపాకీ నాలుగున్నర కిలోలు, గుళ్ళు ఆరు, నీళ్ళు మూడు, వైర్‌లెస్ బ్యాటరీ ఐదు, డబ్బా తిండి నాలుగు, దుప్పటీ టార్పాలినూ కలిపి మూడున్నర, బట్టలూ రెండో జత బూట్లూ మూడు, ఇనప టోపీ ఒకటిన్నర. డిపోలో కాటా ఎక్కితే ముప్ఫై రెండు చూపించింది.

వరసలో నా ముందు నడిచేవాడు టైలరు. ఊళ్ళో అదే పని, ఇక్కడ అదే పేరు. మనిషి పుల్ల, మెడ పొడుగు, ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. నా సంచి పట్టీలు భుజాలు కోసేస్తున్నాయని చూసి, అడక్కుండానే తన పాత చొక్కా చింపి వాటి లోపల మెత్త కుట్టిపెట్టాడు. కుడుతున్నంతసేపూ సూదికన్నా నోరే ఎక్కువ ఆడింది. అంతా పెళ్ళాం గురించే. వారానికో ఉత్తరం రాయకపోతే ఆవిడ ఊరుకోదట.

నేను సామాన్ల గోడౌన్లో పని చేస్తున్నానని అమ్మకి చెప్పు. మరీ అబద్ధం కాదులే, గోడౌను నా వీపు మీదే ఉంది.

నీ అల్లుడు


ఫిబ్రవరి 2

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు రాసినవన్నీ కూడితే ముప్ఫైన్నర. కాటా ముప్ఫై రెండు అంటోంది. మిగతా కిలోన్నర ఏమైందని ఒక పూటంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత తట్టింది, నువ్వు ఖాళీ సంచి బరువు వెయ్యలేదు. సరుకు తూచి గోనె మర్చిపోయే హమాలీని నిన్నే చూశాను. మేనమామ పోలిక అని అందరూ మురిసిపోతారు గానీ, ఆ పోలిక ముక్కు దగ్గరే ఆగిపోయింది.

బరువైనవి సంచిలో పైన పెట్టు, వీపుకి ఆనించి పెట్టు. బ్యాటరీ అడుగున పడేశావంటే అది నిన్ను వెనక్కి లాగుతుంది, నువ్వు ముందుకి వంగుతావు, పొద్దు గూకేసరికి నడుం నీది కాదు. దిగుడులో పాదం మొత్తం ఆనించు. మోకాలు పోయినవాళ్ళని చాలామందిని చూశాను, మళ్ళీ మోతకి తిరిగొచ్చినవాణ్ణి చూడలేదు. ఆ టైలరుకి నా తరఫున దణ్ణం చెప్పు. పట్టీలో మెత్త పెట్టే బుద్ధి నలభై ఏళ్ళలో నాకు పుట్టలేదు.

షెడ్డులో నీ చోట్లో కొత్తవాణ్ణి పెట్టారు. నా మడమలు తొక్కుతూ నడుస్తాడు. తిడితే నవ్వుతాడు. సరుకంతా ఇప్పుడు పెద్దాస్పత్రిదే, దూది బేళ్ళు, మందుల పెట్టెలు. గాయపడినవాళ్ళ రైళ్ళు రెండో ప్లాట్‌ఫారానికి వస్తున్నాయి. అది అక్కకి చెప్పలేదు.

అక్క నీకోసం బొంత కుట్టింది. గోడౌన్లో గచ్చు చల్లగా ఉంటుందట. రెండు కిలోలుంది, ఎత్తి చూశాను. మోసుకెళ్ళలేడే అని నోరు జారాను. "గోడౌన్లో కూచునేవాడికి బొంత బరువేమిట్రా" అంది. నా అబద్ధం నా మెడకే చుట్టుకుంది. పంపిస్తున్నాను, తిట్టుకోకుండా కప్పుకో.

షెడ్డంతా తక్కెడ అని పిలిచే
మీ మావయ్య


మార్చి 15

మావయ్యా,

బొంత అందింది. గోడౌను వెచ్చగా ఉందని అమ్మకి చెప్పు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు రోజులైంది. నాలుగేమో. ఏ రోజు ఏది జరిగిందో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. వానలు. కుడి మోకాలు పొద్దున్న బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి గుమ్మడికాయంత అవుతుంది. నువ్వు చెప్పినట్టే బ్యాటరీ పైన పెట్టాను.

నిన్న కింది డిపోకి దిగాం. కాటా కనబడితే ఊరుకోలేక ఎక్కాను. యాభై. సరిగ్గా మన షెడ్డు బస్తా. నవ్వొచ్చింది. కాటా దగ్గరున్నవాడు ఎందుకు నవ్వుతున్నావన్నాడు. పట్టీలు బిగించుకుని దిగిపోయాను.

పాత హవల్దారు లేడు. సగం మంది కొత్తవాళ్ళు. కొత్త హవల్దారుకి మా మొహాలు తెలియవు, నంబర్లే తెలుసు. సాయంత్రం ఆయన గట్టున నిలబడి నంబర్లు పిలుస్తాడు, మేం ఎవరి గుంతలోంచి వాళ్ళం పలుకుతాం. మా వరసలో అందరం ఉన్నాం. కంగారు పడకు.

నీ అల్లుడు


ఏప్రిల్ 6

ఒరేయ్,

ఈసారి ముందు లెక్క, క్షేమసమాచారాలు తర్వాత. ముప్ఫై రెండుకి మీ అమ్మ బొంత రెండు కలిపితే ముప్ఫై నాలుగు. వానకి తడిసిందంటావేమో, ఆ తడిని నువ్వు తిని పారేసిన డబ్బాలతో కొట్టేశాను. యాభైలో ముప్ఫై నాలుగు పోతే పదహారు. ఆ పదహారు కిలోలు ఎవరివి? వీపు మీద బతికినవాడికి కాకిలెక్కలు చెప్పకు.

ఎవడైనా తన బరువు నీ మీద తోస్తున్నాడా? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుంది, నువ్వేమో చిన్నప్పటి నుంచీ వద్దనడం చేతకాని వెధవ్వి. అదే అయితే పై అధికారికి చెప్పు. నేను మొదట అదే అనుకున్నాను.

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. జనం వదిలేసి పోయిన ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయట. మన షెడ్డులో ఒకడు చొక్కా కింద చక్కెర కట్టుకుని గేటు దాటేవాడు, గుర్తుందా? వాడు కూడా పట్టుబడే ముందు ఊరికే నవ్వుతుండేవాడు. నువ్వు కాటా మీద నవ్వానని రాశావు. మొదటి ఉత్తరం నిండా టైలరు టైలరు అన్నవాడివి, ఈసారి అతని ఊసే ఎత్తలేదు. ఇద్దరూ కలిసి ఏమైనా చేస్తున్నారా? ఆ వాగుడుకాయే ఈ దారి చూపించాడా?

అలాంటిది ఏదైనా ఉంటే దొరికినచోటే పారెయ్. నా గడప దాటించకు.

మావయ్య


ఏప్రిల్ 11

మావయ్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. దారిలో ఉండి ఉంటుంది.

ఊరికే ఒక సంగతి అడుగుదామని రాస్తున్నాను. మా దళంలోకి కొత్తగా వంటవాడు వచ్చాడు. నా సంచి మీద ఇంకో సంచి చూసి, రెండెందుకురా అన్నాడు. మన షెడ్డు పద్ధతి చెప్పాను. వరసలో ముందువాడు పడితే వాడి బస్తా వెనకవాడు ఎత్తుకోవాలి, గుమస్తా పడినవాడి నంబరు పిలిస్తే వెనకవాడే "ఉన్నాడు" అనాలి, అప్పుడు పడినవాడి వంతు తెగదు, లేచి వస్తే వాడి చోటు వాడికి ఉంటుంది అని. వంటవాడు తల గోక్కుని వెళ్ళిపోయాడు.

నేను చేరిన ఏడాది, వరసలో నీ ముందు మోసే పెద్దాయన ర్యాంపు మీద జారిపడ్డాడు కదా. నువ్వాయన బస్తా ఎత్తుకున్నావు. నీది ఒకటి, ఆయనది ఒకటి, మార్చి మార్చి మోశావు. ఆయన నంబరుకి "ఉన్నాడు" అన్నావు. ఎన్ని రోజులు అన్నావు? ఎంత ఆలోచించినా ఆ మొదటి రోజే గుర్తొస్తోంది, తర్వాతది రావట్లేదు.

వెంటనే రాయి. మోకాలు అలాగే ఉంది.

నీ అల్లుడు


మే 3

మావయ్యా,

నీ ఏప్రిల్ ఉత్తరం నిన్న వచ్చింది. దొంగతనం చేశానన్నావు. అన్నావో అడిగావో, ఆ రెంటికీ తేడా నాకిప్పుడు తెలియట్లేదు. నాలుగుసార్లు చదివాను. అమ్మకి ఏమని చదివి వినిపించావు?

ఆ పదహారు కిలోలూ టైలరువి.

ఫిబ్రవరి 27న కొండ ఎక్కుతున్నాం. నాకు నాలుగడుగుల ముందు, వెనక్కి తిరక్కుండానే, పెళ్ళాం ఉత్తరంలో ఏం రాసిందో చెబుతున్నాడు. నాకు చప్పుడు వినబడలేదు. అతని మాట సగంలో ఆగిపోయిందని మాత్రం తెలిసింది. తల నిండా నెత్తురు. చెయ్యి ఒకటి పక్కకి తిరిగిపోయి ఉంది. సంచి తెగి ఇవతల పడింది. వేరే దళం వాళ్ళెవరో స్ట్రెచర్ మీద వేసుకుని పరుగెత్తారు. నేను వెనకవాణ్ణి. వెనకవాడు ఏం చెయ్యాలో నాకు నువ్వు నేర్పిందే తెలుసు. ఎత్తుకున్నాను.

ఆ సాయంత్రం కొత్త హవల్దారు నంబర్లు పిలిచాడు. టైలరు నంబరు నా నంబరుకి ముందు. ఎవరూ పలకలేదు. నేను "ఉన్నాడు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నాలుగేళ్ళ అలవాటు. తర్వాత నా నంబరు వస్తే "ఉన్నాను" అన్నాను. ఆ రోజు నుంచీ సాయంత్రం రెండుసార్లు పలుకుతున్నాను.

అతని గురించి ముగ్గుర్ని అడిగాను. లారీలోనే పోయాడని ఒకడు, వెనక ఆస్పత్రికి పంపారని ఇంకొకడు, అలాంటి పేరే చిట్టాలో లేదని మూడోవాడు. ముగ్గురూ కళ్ళారా చూసినట్టే చెప్పారు. అతని పెళ్ళాం దగ్గర్నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అతని సంచి పైజేబులో దోపాను. చదవలేదు. ఒకరి మూట ఇంకొకరు విప్పకూడదు కదా, సంచి కూడా విప్పలేదు.

దించాలంటే భయంగా ఉంది మావయ్యా. నా నోటితో లేడు అన్నానంటే నిజంగానే లేకుండా పోతాడేమో అనిపిస్తుంది. ఇది పిచ్చి అని పగలు తెలుస్తుంది. నంబర్లు పిలిచే వేళకి తెలియదు. మొన్న దిగుడులో మోకాలు మడతపడి జారాను, నా వెనకవాడు పట్టీ పట్టుకుని ఆపాడు. కింద లోయ. వాడు పట్టుకోకపోతే ఈ ఉత్తరం లేదు.

దొంగ కాని
నీ అల్లుడు


మే 26

నాయనా,

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పదిమందికి చెప్పేవాణ్ణి, నేనే జారాను. నిన్ను ఎత్తుకుని పెంచిన చేత్తో ఆ మాట రాశాను. క్షమించమని అడగడానికి మేనమామకి మొహమాటం ఉండకూడదు, అడుగుతున్నాను. అక్కకి ఆ ఉత్తరం చదవలేదు. గోడౌన్లో సరుకు లెక్క తేడా వచ్చిందని చెప్పాను.

నువ్వడిగినదానికి జవాబు. ఒక్క రోజే అన్నాను. ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళి చూశాను, తుంటి విరిగింది. మర్నాడు పొద్దున్నే గుమస్తా నంబరు పిలిస్తే నేనే "లేడు" అన్నాను. అన్నాకే షెడ్డు వాళ్ళు డాక్టర్ని పంపారు. ఆ పొద్దున నువ్వు జ్వరంతో ఇంట్లో పడుకున్నావు. సగం చూశావు, అదే మొత్తం అనుకున్నావు. రెండో సగం చెప్పాల్సినవాణ్ణి నేను, చెప్పలేదు.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, దూది బేళ్ళ బండి మీద పెద్దాస్పత్రికి వెళ్ళాను. టైలరు నంబరు నీ నంబరుకి ముందుదేనని రాశావు కాబట్టి అది చెప్పాను. గుమస్తా పెద్ద రిజిస్టరు తిరగేశాడు. "ఆ నంబరు మనిషి పోయిన వారం దాకా దళంలో హాజరున్నాడు పెద్దాయనా. అక్కడ ఉన్నవాణ్ణి ఇక్కడ వెతుకుతావేం" అన్నాడు. ఆ హాజరు నీ నోటి మాట.

ఒక నర్సమ్మ జాలిపడి పేర్లు తెలియనివాళ్ళ వార్డుకి తీసుకెళ్ళింది. ఏడుగురున్నారు. పద్నాలుగో మంచం మీద ఒకతను, మార్చి మొదట్లో వచ్చాడట. తలకి దెబ్బ. కళ్ళు తెరుస్తాడు, మాట లేదు. పెన్సిలిస్తే పట్టుకుంటాడు, రాయడు. మనిషి పుల్లే, మెడ పొడుగే. ఎడమ చేతికి అరచేతి దాకా పిండికట్టు, నువ్వు రాసిన మచ్చ కనబడదు. కుడిచేతి వేళ్ళు పట్టుకు చూశాను. నడివేలి కొస మీద సూది నొక్కుకుని పడిన గుంటలున్నాయి. నేను అక్కడున్నంతసేపూ దుప్పటి అంచు మడతపెట్టి, గోటితో నొక్కి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "టైలరూ" అని పిలిచాను. తిరిగి చూడలేదు.

అతనే అని ఒట్టు వెయ్యలేను. లోకంలో ఒక్క టైలరే లేడు. కానీ నువ్వక్కడ ఉన్నాడంటున్నంత కాలం, ఈ మంచం మీద ఉన్నది అతనేమో అని ఇక్కడ ఎవరూ చూడరు. అతని ఇల్లాలికి కబురు వెళ్ళదు. ఈ ఉత్తరం అందిన రోజే లేడు అని చెప్పు. లేడు అంటే చచ్చిపోయాడని కాదురా, వెతకమని. నీకు శిక్ష వేస్తారేమో నాకు తెలియదు. అయినా చెప్పు. సంచి దించు.

మీ మావయ్య


జూన్ 14

మావయ్యా,

నిన్న సాయంత్రం చెప్పాను. అతని నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. "లేడు" అన్నాను. హవల్దారు గట్టు దిగి నా గుంత దగ్గరికి వచ్చి, ఎప్పట్నుంచి లేడు అన్నాడు. ఫిబ్రవరి నుంచి అన్నాను. ఆయన ముందు నవ్వాడు. తర్వాత నా మొహం చూసి కెప్టెన్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

అతని తిండి నువ్వు తిన్నావా, అతని జీతం తీసుకున్నావా అని అడిగారు. లేదు. మరెందుకు చేశావన్నారు. షెడ్డు పద్ధతి చెప్పాను. "నువ్వు హమాలీవా, సైనికుడివా" అన్నాడు కెప్టెన్. విచారణ ఉంటుందట. ఏమవుతుందో ఎవరూ చెప్పట్లేదు.

టైలరు సంచిని స్టోరు మనిషి నా ఎదురుగానే విప్పాడు. డబ్బాలు, మేజోళ్ళు, ఆవిడ ఉత్తరాలు, చిన్న కుట్టుపెట్టె. కుట్టుపెట్టెలో దారపు ఉండల కింద అతని మెడబిళ్ళ ఉంది, పేరూ నంబరూ చెక్కిన రేకు బిళ్ళ. పాత తాడు గీసుకుంటోందని ఎప్పుడూ గొణిగేవాడు. కొత్త తాడు పేనుతూ తీసి పెట్టుకున్నట్టున్నాడు, సగం పేనిన తాడు దానికే ఉంది. ఆస్పత్రిలో అతనెవరో తెలియకపోవడానికి కారణం ఇదే. పేరు కూడా నేనే మోసుకు తిరిగాను. ఒక్కసారి విప్పి చూసి ఉంటే అయిపోయేది.

సంచి ఇచ్చేసి లేచి నాలుగడుగులు వేశాను, ముందుకి బోర్లా పడ్డాను. తేలికవుతుందనుకున్నాను. ఒళ్ళు ఇంకా ఆ బరువుకే వంగి ఉంది. వంటవాడు లేపి కూచోబెట్టాడు.

పద్నాలుగో మంచం అతనేనా? ముగ్గురు చెప్పినట్టు కాకుండా, నువ్వు చూసి రాయి. నిజమే రాయి.

నీ అల్లుడు


జూలై 8

అల్లుడూ,

అతనే. ఇల్లాలు వచ్చింది. సైన్యం ఆఫీసు వాళ్ళు కబురు పంపితే మూడు బస్సులు మారి వచ్చింది. బడిపిల్లల బట్టలు కుట్టే మనిషి, మాట తక్కువ. డాక్టరు పిండికట్టు కోశాడు, మణికట్టు మీద మచ్చ ఉంది. ఆవిడ పేరు పెట్టి పిలిచింది. తల తిప్పాడు. మాట ఇంకా రాలేదు. వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడు. మంచానికి పేరు చీటీ కట్టారు.

తర్వాత ఆవిడ నన్ను వరండాలో బల్ల మీద కూచోబెట్టింది. "నాలుగు ఉత్తరాలు రాశానండీ. జవాబు లేకపోతే ఆఫీసుకి వెళ్ళాను. మీ ఆయన ఉన్నాడమ్మా, రోజూ పలుకుతున్నాడు అని రిజిస్టరు నావైపు తిప్పి చూపించారు. పలికింది ఎవరండీ?" అంది.

నా మేనల్లుడు అన్నాను. షెడ్డు సంగతి, ర్యాంపు సంగతి, నీ మోకాలు, అన్నీ చెప్పాను. నేర్పింది నేనేనని కూడా చెప్పాను.

"అతనికి రాయండి" అంది. "పదిహేను వారాలు నేను ఏడవలేదు. మా ఆయన ఉన్నాడనే ధైర్యంతో తిన్నాను, నిద్రపోయాను, మిషను తొక్కాను. అదంతా ఆ అబ్బాయి చలవే."

నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పకుండా రాస్తానమ్మా అని లేవబోయాను.

"కూచోండి, అయిపోలేదు. ఉండి కూడా నాలుగు ముక్కలు రాయట్లేదని పదిహేను వారాలూ రోజూ ఆయన్ని తిట్టాను. అనకూడని మాటలన్నీ అన్నాను. ఆయన ఇక్కడ పేరు లేకుండా పడుంటే, నేనక్కడ శాపనార్థాలు పెడుతూ కూచున్నాను. అది కూడా ఆ అబ్బాయి చలవే. ఈ రెండోది కూడా రాయండి."

అమ్మా, వాడు అసలే విచారణలో ఉన్నాడు, మొదటిది రాస్తాను, రెండోది నా దగ్గర ఉంచుకుంటాను అన్నాను. రెండూ రాయమంది. మాట ఇస్తే గానీ లేవనివ్వలేదు.

మొదటిదొక్కటే రాద్దామని రెండు రోజులు కాగితం ముందు కూచున్నాను. నిజమే రాయమని నువ్వూ అన్నావు. రెండూ రాశాను.

మీ మావయ్య